నర్సమ్మ అడిగిన కాయితం

పక్కింటికి కొత్తగా వచ్చిన కోడలిది పెనుకొండ. మధ్యాహ్నం పనులయ్యాక మా వసారాలోకి వచ్చి కూర్చుంటుంది. మొన్న ఇద్దరం అనపకాయలు ఒలుస్తున్నాం. పుట్టింటి నుంచి జాబొచ్చిందని చెప్పి, అందులో ఎవరికి పెళ్ళి కుదిరింది, ఎవరి గేదె ఈనింది, అన్నీ వరసగా చెప్పుకొచ్చింది.

"మా ఊర్లో ఎనిమా నర్సమ్మ పోయిందంటక్కా. పాపం, ఎవురూ లేరు ఆమెకు. ఆసుపత్రోళ్ళే ఎత్తినారంట."

నా చెయ్యి ఆగింది. ఆ పిల్ల చూడలేదు. చేటలో గింజలు సర్దుకుంటూ తన ధోరణిలో తాను పోతోంది.

"ముందు ఈడ హిందూపురంలోనే ఉండెనంట గదా. ఈడ ఎవరిదో బిడ్డను సంపితే, బజారోళ్ళంతా అర్జీ పెట్టి ఆడికి తోసినారంట. నిజమేనా అక్కా?"

"నాకు తెలీదమ్మా" అన్నాను.

తెలీకేం! ఆ ఎవరో నేనే. ఆ బిడ్డ నా బిడ్డ. నర్సమ్మ చంపలేదు. ఆ సంగతి ఈ ఊళ్ళో తెలిసినవాళ్ళం ఇద్దరమే. మా అత్త పోయింది. ఇక నేనొక్కదాన్నే మిగిలాను, నేనేమో కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల దగ్గర కూడా నోరు మెదపలేకపోయాను. ఛీ, ఏం బతుకు!

నర్సమ్మ అసలు పేరు నాకు తెలుసు. రాయను. బతికుండగా ఆ పేరుకు మేం చేసింది చాలు.

పొట్టి మనిషి. తెల్లచీర పైట భుజం దగ్గర పిన్నుతో బిగించి, చెప్పులు టపటపలాడించుకుంటూ వార్డంతా తిరిగేది. చేతిలో ఎప్పుడూ మూత పెట్టిన ఒక పింగాణీ బేసిను. అందులో ఏముంటుందో అందరికీ తెలుసు కాబట్టి ఆమె ఎదురొస్తే ఆడవాళ్ళు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని గోడవార నడిచేవాళ్ళు. ఆమె ఆగి మరీ అడిగేది.

"ఇది నీ బిడ్డదే గదమ్మా. నీ బిడ్డది నీకే కంపైతే నాకు పన్నీరా?"

పిల్లల కడుపు జబ్బులన్నీ ఆమె చేతిమీదుగానే పోవాలి. డాక్టరు మందు రాసి వెళ్ళిపోతాడు. కడిగేది, తుడిచేది, పట్టేది, కక్కితే ఎత్తిపోసేది ఈమె. బేసిను కిటికీ దగ్గరికి తీసుకుపోయి వెలుతురులో వంచి చూసేది. రంగేమిటి, జిగటుందా, పురుగులున్నాయా అని చూసి డాక్టరుకు చెప్పేది. ఆ చూపు చూసే ఊరు ఆమెకు ఎనిమా నర్సమ్మ అని పేరు పెట్టింది. బజార్లో మగవాళ్ళు ఆ పేరు చెప్పుకొని నవ్వుకునేవాళ్ళు. వాళ్ళలో సగంమంది పిల్లలు ఆమె చేతిలో బతికి బట్టకట్టినవాళ్ళే.

నేను ఆమె దగ్గరికి మొదట పోయింది మా పెద్దోడి కోసం. వాడికి అప్పుడు మూడేళ్ళు. నాలుగైదు రోజులకోసారి గాని దొడ్డికి వచ్చేది కాదు, వచ్చినప్పుడు ఇల్లు ఎగిరిపోయేట్టు ఏడుపు. మాది కిరాణా అంగడి ఇల్లు. తెల్లన్నం, నెయ్యి, డబ్బాల్లో మిఠాయి. సంగటి కూలోళ్ళ తిండని మా అత్త పొయ్యిమీదికి రానిచ్చేది కాదు. ఆమెకు తెలిసిన వైద్యం ఒకటే. ఆదివారం వచ్చిందంటే ఇంట్లో పిల్లలందరికీ ఆముదం. కాళ్ళు చాచి కూర్చొని, పిల్లవాణ్ని తొడల మధ్య ఇరికించుకొని, ముక్కు మూసి, ఉగ్గుగిన్నెతో గొంతులోకి దించేది. దానికీ లొంగకపోతే తమలపాకు తొడిమ ఆముదంలో ముంచి వెనక పెట్టేది. ఉగ్గుగిన్నె చప్పుడైతే చాలు, మా వాడు మంచం కిందికి దూరేవాడు.

"ఎన్ని దినాలాయ?" అంది నర్సమ్మ.

"నాలుగు."

"మేకపెంటికల మాదిరి వస్తాదా?"

నేను తల వంచుకున్నాను. పక్కన ఎవరెవరో ఉన్నారు మరి.

"ఇదేమన్నా పెండ్లిచూపులా సిగ్గుపడేకి? చెప్పమ్మణ్ణీ."

చెప్పాను. ఆమె మా వాడి ముందు గొంతుక్కూర్చుంది. పెద్దమనిషితో మాట్లాడినట్టే మాట్లాడింది.

"ఏమప్పా, నొప్పి పెడతాదని బిగబట్టుకుంటాండావా?"

వాడు తలూపాడు. అంతవరకు ఇంట్లో ఎవరమూ వాణ్ని అడగని మాట అది. వాడికి మొండితనమనుకున్నాం, దిష్టి అనుకున్నాం, మా అత్త మా పుట్టింటి పోలికని కూడా అంది.

ఆ రోజు ఒక్కసారి ఎనిమా ఇచ్చింది. గోరువెచ్చని నీళ్ళు ముందు తన మణికట్టు మీద పోసుకుంది. తర్వాత వాడి మణికట్టు మీద నాలుగు చుక్కలు వదిలింది. "కాల్తాందా? లే గదా? అయితే నువ్వు చెప్పినాకే పెడతా" అంది. వాడు చెప్పేదాకా నిజంగానే ఆగింది. వార్డులో ఇంకా ఎంతమంది ఎదురుచూస్తున్నా సరే. తర్వాత కడుపు మీద ఆముదం చెయ్యి కాకుండా ఉత్త అరచెయ్యి పెట్టి, గడియారం ముల్లు తిరిగే వైపు నిదానంగా రుద్దడం నాకు నేర్పింది. నేను గబగబా రుద్దితే చేతిమీద ఒక్కటేసింది.

ఆ మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే ఒక గ్లాసు వెచ్చని నీళ్ళు తాగించి వాణ్ని తీసుకురమ్మంది. ఆసుపత్రి పెరట్లో రెండు ఇటుకలు వేసి ఉండేవి. వాటిమీద వాణ్ని కూర్చోబెట్టి, ఎదురుగా ఒక బకెట్టు బోర్లించుకొని తాను కూర్చునేది. వాళ్ళూరి గొర్రెల కథలు చెప్పేది. ఏ గొర్రె తప్పిపోయింది, ఏది పక్కోడి చెనక్కాయ చేలో దూరింది.

"వస్తే వస్తాది, రాకుంటే లే. కొట్టేది లే, తిట్టేది లే. టయానికి కూర్చోవల్ల, అంతే" అని నాకు చెప్పేది.

తొమ్మిదో రోజు ఏడుపు లేకుండా వచ్చింది. నర్సమ్మ సంబరం చూడాలి! నన్ను చెయ్యి పట్టి లాక్కుపోయి, "చూడు, అరిటిపండు మాదిరి. దండం పెట్టుకో" అంది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. రాగి అంబలి, ఆకుకూర, బొప్పాయిపండు, పూటకు రెండు చెంబుల నీళ్ళు అని వేళ్ళు మడిచి చెప్పి, చివర గట్టిగా అంది.

"ఆముదం దీపంలో పోసుకోండి. బిడ్డ నోట్లో పోయొద్దండి."

ఆ మాట ఇంటికొచ్చి చెబితే మా అత్త ఉగ్గుగిన్నె కడిగి బోర్లించి, "మా వంశమంతా ఆముదం తాగే పెరిగింది. అదెవతి నాకు చెప్పేకి?" అంది. నేను గమ్మునున్నాను. గమ్మునుండటం నాకు అప్పటికే బాగా వచ్చు.

నెలో, రెండు నెలలో పోయాక ఒకసారి నర్సమ్మ వాణ్ని చూసిపోదామని మా ఇంటికి వచ్చింది. వసారాలో స్టూలు వేశాను. ఆమెకని వేరే గ్లాసు ఒకటి తీసి కిటికీ గూట్లో పెట్టింది మా అత్త. అందులోనే నీళ్ళు పోసి ఇచ్చాను. ఆమె గ్లాసు వైపు చూసింది, గూడు వైపు చూసింది.

"ఈ ఇంట్లో మీ అందరికన్నా ఎక్కువ తూర్లు సబ్బుతో కడిగిన చెయ్యి ఇది" అని ఎత్తి తాగేసింది.

ఆమె కూలిమనిషో దిక్కులేనిదో కాదు. రొళ్ల దగ్గర పల్లెలో భూమి పుట్ర ఉన్న రైతుల బిడ్డ. పదహారేళ్ళకే మొగుడు పోతే బెంగళూరు పోయి నర్సు పని నేర్చుకుంది. అంతటితో పుట్టిల్లు తెగిపోయింది. ఊరికి పోతే అన్న ఇంట్లో వదిన ఆమె కంచం గుమ్మం బయట పెట్టేదట. ఒకసారి ఆ అన్న కొడుక్కే విరేచనాలు పట్టుకున్నాయి. నీళ్ళు తాగితే ఇంకా ఎక్కువౌతుందని గుక్కెడు నీళ్ళు కూడా ఇవ్వకుండా బిడ్డను ఎండబెట్టారు. అక్కడే కాదు, అప్పట్లో అందరిళ్ళలోనూ అదే పద్ధతి. బిడ్డ కళ్ళు లోపలికి పోయాక చెల్లెలు గుర్తొచ్చి బండి కట్టి పంపాడు అన్న. నర్సమ్మ రెండు రోజులు బిడ్డ పక్కనే కూర్చొని, ఉప్పేసిన గంజినీళ్ళు చెంచాతో పట్టి నిలబెట్టింది.

"బతికినాడు, ఇప్పుడు బళ్ళోకి పోతాండాడు. నా కంచం మాత్రం ఆడనే ఉండాది, గుమ్మం బయట" అని చెప్పింది నాతో.

అట్లాగని ఆమె మెత్తని మనిషి అనుకునేరు. నోరు మహా చెడ్డది. కోపమొస్తే కన్నడంలోకి దిగేది. చిలమత్తూరు వైపు నుంచి ఒక ముసలాయన మనవడికి కడుపులో బల్ల పెరిగిందని సూది కాల్చి పొట్టమీద వాతలు పెట్టి తెచ్చాడు. ఆయన్ని మెట్లమీద నిలబెట్టి తిట్టిన తిట్లు బజారుదాకా వినిపించాయి. నన్నూ ఎన్నిసార్లు ఏడిపించిందో లెక్కలేదు. అయినా మా పెద్దోడు ఆమె చెప్పుల చప్పుడు వింటే ఎదురు పరుగెత్తేవాడు. వాడి పుట్టినరోజు నాడు వీధంతా పిలిచాం, ఆమెను పిలవలేదు. మేమే కాదు, ఏ ఇంట్లోనూ పిలిచేవాళ్ళు కాదు.

పెద్దోడి తర్వాత నాకు ఆడపిల్ల పుట్టింది. పదకొండు నెలల పాప, పాకుతూ ఇల్లంతా ఊడ్చేది. ఒకరోజు పొద్దున్నుంచీ ఉండుండి కాళ్ళు కడుపులోకి ముడుచుకొని కేకలు పెట్టడం మొదలుపెట్టింది. కాసేపు ఆగేది, మళ్ళీ అంతే. దొడ్డికి రాలేదు. పాలు తాగితే కక్కుతోంది. మధ్యాహ్నం నేనూ మా అత్తా ఆసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరు క్యాంపుకు పోయాడు, మర్నాడు గాని రాడు.

నర్సమ్మ పాప పొట్టమీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి చాలాసేపు తియ్యలేదు. ఆమె ముఖం అట్లా కావడం నేనెప్పుడూ చూడలేదు.

"ఇది ఉత్త మలబద్ధకం కాదు. కుడిపక్క గడ్డ తగులుతాంది, సొరకాయ పిందె మాదిరి. పేగులో పేగు దూరిందనుకుంటా. సాయంత్రం బెంగళూరు బండి ఎక్కండి. ఆపరేషను చెయ్యల్ల."

"దొడ్డికి రాకపోతే కోత కోస్తారా? పదకొండు నెలల బిడ్డనా?" అంది మా అత్త.

"పోలేకపోతే ఈడనే ఉంచండి. నేను కనిపెట్టుకోనుంటా."

"ఆ మంచాల మీదనా? ఎవురెవురు పండుకున్నారో ఏమో!"

నర్సమ్మ మా అత్తను వదిలేసి నా భుజం పట్టుకుంది. "అమ్మణ్ణీ, నువ్వు విను. నోట్లోకి ఏమీ పోయొద్దండి. ఆముదం అసలే వద్దు. పేగు మూసుకోనుండాది, పైనుంచి తోస్తే పగులుతాది. అర్థమైందా?"

అర్థమైంది. నాకు బాగా అర్థమైంది.

మా మామ అంగడి నుంచి వచ్చి, రేపు డాక్టరు వస్తాడు కదా, చూద్దాం అన్నాడు. బెంగళూరు బండి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున పాప ఏడవలేదు. వాడిపోయి పడుకుంది. మా అత్తకు అది నయమైనట్టు కనిపించింది. "చూడు, తగ్గినట్టే ఉండాది. కడుపు కడిగేస్తే పూర్తిగా పోతాది" అని ఉగ్గుగిన్నె తీసింది. నేను అక్కడే ఉన్నాను. వద్దత్తా అని ఒక్కసారి అన్నాను. ఒకే ఒక్కసారి. రెండు ఉగ్గుగిన్నెల ఆముదం పోసింది. గంట తిరక్కుండానే కక్కుళ్ళు, పొట్ట ఉబ్బరం, గుడ్డలో ఎర్రగా జిగట. ఎత్తుకొని పరుగెత్తాం.

డాక్టరు అప్పుడే దిగాడు. "ఇంట్లో ఏమైనా పట్టారా?" అన్నాడు.

"ఏమీ లే సామీ" అంది మా అత్త.

నర్సమ్మ పాప నోటి దగ్గర ముఖం పెట్టి వాసన చూసింది. తలెత్తి నన్ను చూసింది. మా అత్తను కాదు, నన్నే.

"నిజం చెప్పమ్మణ్ణీ. ఆముదం పట్టినారా?"

"లేదు" అన్నాను.

ఆముదం మాట తెలీక, పేగు ఇంకా పగల్లేదనుకొని డాక్టరు ఉప్పునీళ్ళ ఎనిమా ఇమ్మన్నాడు. నిదానంగా వదిలితే దూరిన పేగు వెనక్కి రావచ్చట. ఆమె ఇచ్చింది. మణికట్టు మీద నీళ్ళు చూసుకొని, డబ్బా ఎంత ఎత్తులో పట్టమంటే అంతే ఎత్తులో పట్టుకొని. పొద్దు గుంకకముందే పాప పోయింది.

నర్సమ్మ పాపకు ఒళ్ళంతా తుడిచి, తల దువ్వి, ఉతికిన గుడ్డలో చుట్టి నా చేతుల్లో పెట్టింది. అప్పుడు మా అత్త గుండెలు బాదుకుంటూ అరిచింది. "రబ్బరు గొట్టంతో పొడిచి సంపింది నా మనవరాల్ని!" ఆ మాట మేం ఇల్లు చేరేలోగా బజారు చేరింది.

నిజం చెప్పుంటే పాప బతికేదా? ఏమో. నర్సమ్మ మాత్రం బతికేది.

మా మామ అర్జీ రాయించాడు. బజారంతా సంతకాలు పెట్టింది. ఆమె మా పెద్దోడి ఎదురుగా బకెట్టు బోర్లించుకొని కూర్చున్నట్టే వాళ్ళ పిల్లల ఎదురుగానూ కూర్చుంది కదా, ఒక్కడికీ చెయ్యి వణకలేదు. విచారణకు ఒక ఆఫీసరు వచ్చి నన్ను పిలిపించాడు. ఒక పక్క మా మామ, ఇంకో పక్క నర్సమ్మ. ఇంట్లో ఏదైనా ఇచ్చారా అని అడిగాడు. నేను తల అడ్డంగా ఊపాను. అంతే. నెలలోగా ఆమెను పెనుకొండకు మార్చారు. వెళ్ళేనాడు స్టేషన్లో ఆమెతో ఎవరూ లేరని తర్వాత విన్నాను.

ఐదారేళ్ళ తర్వాత, పాప పోయాక పుట్టిన మా చిన్నోడికి పెద్దోడి జబ్బే వచ్చింది. వాడు నాలుగేళ్ళవాడు, వారమేసి రోజులు బిగబట్టేవాడు. ఎన్ని మందులు వాడినా లాభం లేకపోయింది. ధర్మవరంలో మా అమ్మ చెప్పింది, పెనుకొండలో నర్సమ్మ ఒకామె ఉంది, చూపించు అని. మా అమ్మకు ఆమె ఎవరో తెలీదు. నాకు తెలుసు. అయినా ధర్మవరం నుంచి వచ్చేటప్పుడు పెనుకొండలో రైలు దిగాను. బిడ్డకు అవసరమొస్తే సిగ్గు ఎక్కడికి పోతుందో ఆ భగవంతుడికే తెలియాలి.

తల నెరిసింది. చెప్పుల చప్పుడు అదే. నన్ను చూసి గుర్తుపట్టి కూడా ఏమీ అనలేదు. చిన్నోడి ముందు కూర్చొని, "ఏమప్పా, యాడ నొప్పి?" అంది. పొట్ట చూసింది. నాలుక చూసింది. తర్వాత నావైపు తిరక్కుండానే అడిగింది.

"ఇంట్లో ఆముదం ఏమన్నా పట్టినారా?"

"లేదు నర్సమ్మా. ఒట్టు."

"ఒట్టు అక్కర్లే. ఈ తూరి నిజమే చెప్తాండావు."

చిన్నోణ్ని దగ్గరికి లాక్కున్నాను. "ఆ పొద్దే తెలుసా నీకు?"

"బిడ్డ కక్కిన గుడ్డలు ఉతికింది ఎవురనుకున్నావు? ఆముదం మరక నాకు తెలీదా?"

"మరి ఆఫీసరుకు చెప్పలేదా?"

"నిన్ను పిలిపించకముందే చెప్పినా. కన్నతల్లి లేదంటాంటే నర్సు మాట ఎవురింటారు?"

నేను ఏడ్చాను. ఆమె ఊరుకోబెట్టలేదు. చిన్నోడికి పథ్యం ఒక కాయితం మీద రాసింది. అదే పుస్తకంలోంచి ఇంకో తెల్లకాయితం చింపి నా ముందు పెట్టింది.

"నీ ఏడుపు నాకొద్దు. పైఉద్యోగం రెండుమాట్లు ఎగ్గొట్టినారు, ఆ బిడ్డ చావు నా కాయితాల్లో ఉండాదని. నువ్వు జరిగింది రాసి సంతకం పెట్టు. నాలుగు ముక్కలు. నాకింకేమీ వద్దు."

"ఇంట్లో ఒక మాట అడిగి..." అన్నాను.

ఆమె నన్ను చూసింది. "సాకు" అంది కన్నడంలో. చాలు, ఇంక ఆపు అని. లేచి చిన్నోడికి నీళ్ళు వెచ్చబెట్టడానికి పోయింది. వాడికి చేయాల్సింది అంతా చేసింది, ఒక్కటి తగ్గించలేదు. పైవారం తీసుకురమ్మంది. పైవారం మా ఆయన్ని పంపాను. ఆ పైవారమూ ఆయన్నే. నెలన్నరలో వాడికి బాగైంది. ఆ మాట చెప్పడానికి కూడా నేను పోలేదు.

పథ్యం కాయితం గోడకు అంటించి అక్షరం తప్పకుండా చేశాను. తెల్లకాయితం చీరల మడతలో పెట్టాను. మా మామ పోయాడు. తర్వాత మా అత్త పోయింది. ఇంక నన్ను ఎవరు ఏమంటారు? మా ఆయన పల్లెత్తు మాట అనే మనిషి కాదు. అయినా రాయలేదు. పండక్కి చీర తీసినప్పుడల్లా ఆ కాయితం చేతికి తగిలేది, మళ్ళీ లోపలికి తోసేదాన్ని. అత్త భయం, మామ భయం అని ఇన్నాళ్ళూ చెప్పుకున్నదంతా ఒట్టిదే. పిల్లను చంపుకున్నదని నన్నంటారని నా భయం.

పక్కింటి పిల్ల వెళ్ళిపోయాక చీరల పెట్టె తెరిచి ఆ తెల్లకాయితం తీశాను. ఎవరికివ్వాలో ఇప్పుడు తెలీదు. ఆసుపత్రివాళ్ళకు ఇస్తే ఏం చేసుకుంటారు? అందుకని ఇక్కడ రాస్తున్నాను.

ఆ పొద్దు ఆసుపత్రికి పోకముందు మా ఇంట్లో పాపకు ఆముదం పట్టాం. వద్దని నర్సమ్మ ముందురోజే చెప్పింది. ఆమె అడిగితే లేదన్నది నేను. ఆముదం పోసింది మా అత్త. పాప తన్నుకోకుండా రెండు కాళ్ళూ అదిమి పట్టుకున్నది నేను.